బుజ్జి వెనుక చక్రము

2024వ సంవత్సరము జులై మాసమున నొకనాటి సాయంకాలము నేను పదవ తరగతి భౌతికశాస్త్రపు నోటుపుస్తకములు దిద్దుచుంటిని. ఒక పుస్తకమున, వక్ర దర్పణముల పాఠము ముగిసినచోట, పుట నిండ నొక వాహనము చిత్రింపబడి యుండెను. ముందు రెండు పెద్ద చక్రములు. వెనుక గోళమువలె గుండ్రనైన చక్ర మొక్కటియే. ఆ వెనుక చక్రము నొద్ద బాణపు గుర్తు పెట్టి "బరువు ఇక్కడ ఎంత?" అని చిన్న యక్షరములతో వ్రాయబడి యుండెను. నేనా ప్రశ్నను చదువలేదు. చదివియు పట్టించుకొనలేదనుట నిజమునకు మఱింత దగ్గర. ఎఱ్ఱ సిరాతో మూలనుండి మూలకు గీత గీచి, క్రింద "వ్యర్థ కాలక్షేపము" అని వ్రాసి, తరువాతి పుస్తకము తీసితిని.

ఆ చిత్రము బుజ్జిది. ఇందల్వాయి చుట్టుప్రక్కల బాలురలో ఈ పేరెఱుగని వాడుండడు గాని, పెద్దలకొరకు నాలుగు మాటలు చెప్పవలెను. నాగ్ అశ్విన్ దర్శకత్వమున వైజయంతీ మూవీస్ వారు నిర్మించిన 'కల్కి 2898 ఏడీ' అను చలనచిత్రము 2024 జూన్ 27వ తేదీన విడుదలయ్యెను. అందు ప్రభాస్ ధరించిన భైరవుని పాత్రకు వాహనము బుజ్జి. అది మాటలాడును, అలుగును, పరిహాసమాడును. దానికి గొంతు నిచ్చినది కీర్తి సురేష్. మెదడు మాత్రమే యుండి శరీరము లేని యంత్రమునకు భైరవుడు శరీరము కట్టి యిచ్చెనని కథ. అయితే ఇది తెరపై మాత్రమే బ్రదుకు బొమ్మ కాదు. మహీంద్రా సంస్థ ఇంజినీర్లును, కోయంబత్తూరులోని జయెం ఆటోమోటివ్ వారును కలిసి దీనిని ఇనుముతోను రబ్బరుతోను నిజముగా కట్టిరి. 2024 మే 22వ తేదీన రామోజీ ఫిల్మ్ సిటీలో వేలాది అభిమానుల యెదుట ప్రభాస్ దానిని నడుపుకొనుచు వచ్చెను. ఆనాటి నుండి వాదము మొదలు.

దేశమంతటను ఎవరికి తోచినది వారు పలికిరి. తెలుగువారి చిత్రమునకు ఇట్టి యంత్రము కట్టబడెనని పొంగినవారు కొందఱు. 2005లో వచ్చిన 'బ్యాట్‌మన్ బిగిన్స్' చిత్రములోని నల్లని బండికి ఇది తోబుట్టువని ఎగతాళి చేసినవారు కొందఱు. 'మ్యాడ్ మాక్స్' చిత్రములను తలచుకొన్నవారు మఱికొందఱు. మా పాఠశాల చింతచెట్టు క్రింద మధ్యాహ్న భోజనవేళ జరిగిన చర్చ వీనికంటె తీవ్రముగా నుండెనని చెప్పగలను. ఒకడు చక్రముల పరిమాణమును పొగడెను. ఒకడు తుపాకులు చాలలేదనెను. బండి ఇంత మాటలాడినచో నడుపువాడు త్రోవ నెట్లు చూచునని అడిగిన బాలిక యొకతె యుండెను. ఆమెతో నేనేకీభవింతును. బుజ్జి మాటలు సగమైనచో నాకు రెట్టింపు ఇష్టముగా నుండెడిది.

నేనా దినములలో ఈ వాదమును అలజడిగానే యెంచితిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు బాలుర ఆసక్తినుండి పాఠమునకు పోవలెనని నేర్పిరి. ఇరువది సంవత్సరములకు పైగా బోధించిన పిమ్మట ఆ మాట యెటు పోయెనో తెలియదు. పరీక్షాఫలితముల పట్టికలు నింపుచు నింపుచు ఆసక్తియనగా అల్లరి యనియే నాకు తోచుచుండెను.

ఒక వారము గడచిన పిమ్మట ఆ బాలుని తండ్రి పాఠశాలకు వచ్చెను. కోపముతో కాదు. నోటుపుస్తకము తెఱచి నా బల్లమీద పెట్టి, ఎఱ్ఱ గీతను తప్పించి బాణపు గుర్తుమీద వ్రేలు పెట్టెను. "సారూ, పిలగాడు అడిగిన దాంట్ల తప్పేమున్నది? ఎనుక ఒక్కటే చక్రం. గా బండి మలుపెట్ల తిరుగుతదో మీకెరుకైతే చెప్పుండ్రి. నాకు సుత తెల్వదు" అనెను. ఆయన మాటను ఆయన పలికినట్లే వ్రాసితిని. దిద్దుటకు నాకు మనసు రాలేదు. నాయొద్ద సమాధానము లేదు. అదియే ఆనాటి సిగ్గు. ప్రశ్న వ్యర్థమని వ్రాసినవాడు ప్రశ్నకు సమాధానమెఱిగి యుండవలెను గదా!

ఆయనకు 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన, టోల్ గేటునకు ఈవల, వెల్డింగు కొట్టము గలదు. ట్రాక్టరు ట్రాలీల ఇరుసులు, కొండీలు బాగుచేయుట వృత్తి. పని నేర్చినది బోధను ప్రాంతమున, చెఱకు బండ్లమీద. శక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడకమునుపు, చెఱకు కాలములో ఆ త్రోవలన్నియు బండ్లతో నిండియుండెడివి. విఱిగిన ఇరుసు లేని దినముండెడిది కాదట. మరునాటి సాయంకాలము నేను ఆ కొట్టమునకు పోయితిని. నేలమీద సుద్దతో గీచి ఆయన నాకు చెప్పిన పాఠము నేను శిక్షణ కళాశాలలో విన్న యే పాఠమునకును తీసిపోదు.

రెండు చక్రముల ట్రాలీలో చెఱకు ఇరుసునకు ముందుభాగమున ఎక్కువగా పేర్చినచో ఆ బరువు ట్రాక్టరు కొండిమీద పడును. ఎక్కుడు త్రోవలో ట్రాక్టరు ముందుచక్రములు నేలను వదలి పైకి లేచును. వెనుకభాగమున ఎక్కువ పేర్చినచో ట్రాలీ కొండిని పైకెత్తును; ట్రాక్టరు వెనుక చక్రములు పట్టు తప్పి జారును. కాబట్టి బండి చూడగానే ఆయన కన్ను ముందుగా ఇరుసు ఎచ్చటనున్నదో వెదకును. బొమ్మలో గాని, తెరమీద గాని అంతే. బుజ్జి ముందుభాగము బరువుగా, తల వంచి కొమ్ములు చాచిన ఎద్దువలె నుండుట ఆయనకు నచ్చెను. బరువు మోయు రెండు చక్రములు బరువున్నచోటనే యున్నవి గాన అది న్యాయమనెను. ఆయన సందేహమంతయు వెనుక చక్రమును గూర్చియే. ముందు చక్రములు తిరిగినచో అది కారువలె మలుపు తీసికొనును. వెనుక చక్రము తిరిగినచో వరికోత హార్వెస్టరువలె మలుపు తీసికొనును. చక్రముల హార్వెస్టరు మడిగట్టున మలుపు తిరుగునప్పుడు దాని తోక బయటికి ఊగుట మన పిల్లలందఱును చూచినదే. ప్రక్కన నిలిచినవాడు జాగ్రత్తగా నుండవలెను. ఇరుకైన కాశీ వీథులలో శత్రువులను తప్పించుకొనవలసిన బండికి ఊగు తోక వరమా, శాపమా? ఆ బాలుడును తండ్రియు రాత్రి భోజనమువేళ వాదించుకొనుచుండినది దీనిని గూర్చి. నేను వ్యర్థమని వ్రాసినది దీనిమీద.

మరుసటి సోమవారము నేను తరగతిలో బుజ్జిని నల్లబల్లమీద వ్రాసితిని. చిత్రలేఖనము నాకు రాదు, పిల్లలు నవ్విరి. పత్రికలలో వచ్చిన కొలతలు వారే చెప్పిరి. బరువు సుమారు 6 టన్నులు. పొడవు 6 మీటర్లకు కొంచెము పైగా, వెడల్పు 3 మీటర్లకు పైగా. చక్రపు రిమ్ము 34.5 అంగుళములు, టైర్లు సియెట్ కంపెనీవారు దీనికొరకే ప్రత్యేకముగా చేసిరి. విద్యుత్తు మోటార్ల శక్తి 94 కిలోవాట్లు. బ్యాటరీ 47 కిలోవాట్ గంటలు. "పూర్తి శక్తితో ఎంతసేపు నడచును?" అని అడిగితిని. 47ను 94తో భాగించినచో అరగంట. తరగతి యంతయు ఒక్కసారి నిట్టూర్చెను. ప్రపంచమును రక్షింపవలసిన వాహనము అరగంటలో ఆగిపోవునా యని! 94 కిలోవాట్లనగా సుమారు 126 అశ్వశక్తి యనియు, మన పొలముల ట్రాక్టర్లలో 50 అశ్వశక్తి సామాన్యమనియు చెప్పగా మఱింత నిట్టూర్పు. చిత్రీకరణకు కట్టిన బండి ఎల్లప్పుడును పూర్తి శక్తితో పరుగిడ నక్కఱలేదనియు, మెల్లగా పోయినచో అదే బ్యాటరీ చాలసేపు వచ్చుననియు చెప్పితిని. అప్పుడొకడు లేచి, "అయితే కథలోని బుజ్జి బ్యాటరీ ఎంతది?" అని అడిగెను. శక్తి, సామర్థ్యము, కాలము అను మూడు మాటలకును గల సంబంధమును ఆ దినమువలె నేనెన్నడును సులభముగా చెప్పి యెఱుగను.

ఇక్కడ నా అభిప్రాయము చెప్పవలెను. 'ఇది దానివలె నున్నది' యను నింద చాల తేలిక. నేలమీద వేగముగా పోయి, దెబ్బలకు నిలిచి, తిరుగబడకుండ నుండవలసిన యే బండియైనను వెడల్పుగా, తగ్గుగా, పెద్ద చక్రములతో నుండక తప్పదు. అవసరము ఒక్కటైనచోట ఆకారము దగ్గరపడును. నెల్లూరి నాగలియు నిజామాబాదు నాగలియు ఒకదాని నొకటి దొంగిలింపలేదు. అలంకారము ఒక్కటైనప్పుడు మాత్రము నిందకు చోటున్నది. బుజ్జి ప్రక్కలనున్న కొన్ని పలకలు, దీపములు పనికొరకు గాక చూపుకొరకే పెట్టినట్లు నాకు తోచును. వానిని తీసివేసినచో బండికేమి కొఱతయో యెవ్వరును చెప్పలేరు. ఆ వెనుక చక్రమును తీసివేయుడు. బుజ్జి బుజ్జి కాదు. అందుచేతనే దానినిగూర్చి ఇంత కలహము.

చిత్రము చేసినవారికిని ఈ కలహము తెలియకపోలేదు. విడుదలకు ఏడాదిన్నర ముందే, 2022 డిసెంబరు 31వ తేదీన, 'ఫ్రమ్ స్క్రాచ్' అను పేర వారొక చిన్న వీడియో వెలువరించిరి. దాని శీర్షిక 'రీ-ఇన్వెంటింగ్ ది వీల్'. ఒక్క చక్రముకొరకు ఎన్ని నమూనాలు, ఎంత తర్జనభర్జన, ఎంత విసుగు పడవలసివచ్చెనో అందు హాస్యముగా చూపిరి. బజారులో దొరకు టైరుండగా ఈ శ్రమ యేల యనిపించుట సహజమే. కథ జరుగు కాలము 2898. ఆ కాలపు కాశీలో నీరు లేదు, చెట్టు లేదు. వస్తువు లన్నియు పాతవాని నుండి కూర్చుకొన్నవి. అచ్చటి బండికి మన బజారు టైరు తగిలించినచో ప్రేక్షకుని మనసు వెంటనే మన బజారునకు వచ్చిపడును. చక్రము నమ్మించినచో లోకమే నమ్మించును. ఈ చిన్న వీడియోను నేను తరగతిలో చూపితిని. పెద్ద సినిమాకంటె ఇది నాకు నచ్చెనని చెప్పుటకు వెనుదీయను.

మా బాల్యమున ఇట్టి ప్రశ్నలు మాకు తోచలేదు. 1991లో సింగీతము శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' వచ్చినప్పుడు నాకు పదేండ్లుండును. ఆ కాలయంత్రము శ్రీకృష్ణదేవరాయల కొలువునకును, 2504వ సంవత్సరమునకును పోయి వచ్చుట చూచి మేము నోరు తెఱచితిమి. అందులో కూర్చుండవలెనని కోరితిమే గాని, అది యెట్లు నడచునని అడిగినవాడు మాలో లేడు. ఆ సింగీతమువారే 'కల్కి' చిత్రమునకు మార్గదర్శకులుగా నుండుట నాకు సంతోషము. అయినను ఇప్పటి బాలుడు అడుగు ప్రశ్న మేమడిగినదానికంటె మేలైనది. ఫోనులో ఆటలాడువారిని చూడుడు. అందు వాహనమును తామే నడుపుదురు గాన, కొత్త భాగములో బండి బరువు మాఱినను, మలుపు మందగించినను వారి వ్రేళ్లకు వెంటనే తెలియును. వారి ఫిర్యాదు కంటితో చేసినది కాదు, చేతితో చేసినది.

వాహనములను గూర్చిన ఈ పట్టుదల పిల్లలకే చెల్లుననుకొనువారికి ఒక పెద్దమనిషి కథ చెప్పెదను. జోసెఫ్ బ్లూమ్రిచ్ అను ఇంజినీరు అమెరికా దేశపు నాసాలో పనిచేసెను. యెహెజ్కేలు గ్రంథము మొదటి అధ్యాయములోని చక్రములు, తిరుగకయే నాలుగు దిక్కులకును పోగలవని మనము చదివినవి, అంతరిక్షనౌకవి యని ఇతరులు చెప్పగా, ఆ మాటను ఖండింపవలెనని ఆయన పూనుకొనెను. ఖండింపబోయి తానే నమ్మినవాడై 1970ల దశకమున పుస్తకము వ్రాసెను. ఆయన నమ్మకమును నేనంగీకరింపను. ప్రవక్త దర్శనము కమ్మరికొలిమి కొలతలపటము కాదు. కాని ఆ చక్రమెట్లుండి యుండునని లెక్కవేయుచు ఆయన ఏ దిక్కునకైనను దొర్లగల యొక చక్రమును రూపించి, 1974లో అమెరికాలో దానికి పేటెంటు పొందెను. వాదము తప్పు, చక్రము మాత్రము ఒప్పు. మా బాలుని బాణపు గుర్తునకు నేను గీచిన ఎఱ్ఱ గీతను తలచుకొన్నప్పుడెల్ల నాకు ఈ బ్లూమ్రిచ్ జ్ఞప్తికి వచ్చును.

అభిమానుల కోరికలన్నియు ఇంత ఫలవంతములని నేననను. 'స్టార్ ట్రెక్' అను టెలివిజను కథలోని నౌక పేరు ఎంటర్‌ప్రైజ్. అమెరికావారు తమ మొదటి అంతరిక్ష షటిలునకు కాన్‌స్టిట్యూషన్ అని పేరు పెట్టనుండగా, ఆ కథ అభిమానులు అధ్యక్షుడైన ఫోర్డునకు లెక్కకు మిక్కిలిగా ఉత్తరములు వ్రాసి, ఎంటర్‌ప్రైజ్ అను పేరే పెట్టించిరి. 1976 సెప్టెంబరులో అది బయటికి వచ్చెను. అయితే అది గాలిలో దిగు పరీక్షలకొరకు కట్టినది. అంతరిక్షమునకు ఎన్నడును పోలేదు. వారు పేరడిగిరి, పేరు దొరకెను. పని యేమని ముందుగా అడిగియుండినచో ఆ పేరును అంతరిక్షమునకు పోవు మఱియొక నౌకకై దాచుకొనియుందురు.

'కల్కి' రెండవ భాగము ఈ వ్యాసము వ్రాయునాటికి వెలువడలేదు. దానిలో బుజ్జి యెట్లుండవలెనని చింతచెట్టు క్రింద ఇప్పుడు కొత్త కలహము. ఇది ఎగురవలెనని ఒకడు, ఇప్పటికంటె రెండింతలు పెద్దది కావలెనని ఒకడు. ఒక్క మేకునైనను మార్చరాదని మఱియొకడు కన్నీళ్లు పెట్టుకొన్నంత పనిచేసెను. నిర్మాతలు మా పాఠశాల సంచిక చదువుదురని నాకు భ్రమ లేదు. అయినను అభిప్రాయమడిగినచో చెప్పెదను. బుజ్జిని పెద్దది చేయవలదు, కొత్తది చేయవలదు, బాగుచేసి తెండు. మొదటి భాగములో అశ్వత్థామతో జరిగిన పోరులో అంత మోతలు తిన్న బండి రెండవ భాగములో నిగనిగలాడుచు వచ్చినచో మా బాలురు నమ్మరు. మా బాలురు ట్రాలీలు అతుకు ఊళ్లలో పెరిగినవారు. విఱిగిన ఇరుసునకు అతుకు పడినచో ఆ అతుకు ఎచ్చట పడెనో, ఏ బరువునకు విఱిగెనో చూచి చెప్పగలరు. భైరవుడు అభిమానులకు ప్రియుడైనది వీరుడగుటచేత మాత్రమే కాదు. యూనిట్లకొరకు తిప్పలు పడుచు, ఉన్నదానితో బండిని నిలబెట్టుకొనువాడగుటచేత. అట్టివానికి ఒక్క రాత్రిలో కొత్త బండి యెక్కడిది? తెచ్చినచో దాని వెల యెవ్వరిచ్చిరని తప్పక అడుగుదురు.

ఇంకొక మాట తోటి ఉపాధ్యాయులకు. ఈ కలహములను ఆపుటకు మన శక్తిని వెచ్చింపవలదు. 'బాగున్నది' అన్నవానిని 'ఏల?' యని అడుగుడు. 'బాగులేదు' అన్నవానిని 'నీవైతే ఎట్లు కట్టుదువు?' అని అడుగుడు. మా తరగతిలో ఈ రెండు ప్రశ్నలకు పిమ్మట కేకలు తగ్గి కాగితములు పెరిగెను. ఒకమ్మాయి వెనుక చక్రము రెండుగా చీలి ఇసుకలో విచ్చుకొనునట్లు వ్రాసికొని వచ్చెను. అది పని చేయునో లేదో నాకు తెలియదు గాని, ఇసుకలో సన్నని చక్రము దిగబడునని ఆమె గుర్తించెను. ఒత్తిడి పాఠము ఆమెకు మరల చెప్పవలసిన పని లేదు.

ఆ బాలుడు 2025లో పదవ తరగతి ముగించి, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమాలో చేరెను. దసరా సెలవులలో మా యింటికి వచ్చి, అదే నోటుపుస్తకమును ముందర పెట్టెను. ఎఱ్ఱ గీత అట్లే యుండెను. దానిని గూర్చి అతడు గాని నేను గాని మాటలాడలేదు. ఎదుటిపుటలో బుజ్జి కొత్తగా గీయబడి యుండెను, ఈసారి స్కేలుతో, కొలతలతో. ముందు ఇరుసునుండి బరువు కేంద్రమునకు దూరమింత, అక్కడినుండి వెనుక చక్రమునకు దూరమింత యని గుర్తించి, 6 టన్నులలో వెనుక చక్రముమీద పడు భాగమును లెక్కకట్టెను. "చూడండి సార్" అనెను. నేను ఎఱ్ఱ కలము తీసి మొదటినుండి చదివితిని. రెండవ పంక్తిలో సెంటీమీటర్లను మీటర్లుగా మార్చుచోట ఒక సున్న జారిపోయి యుండెను. దానికి చుట్టు గీచి ఇచ్చితిని. అతడు అచ్చటనే, అరుగుమీద కూర్చుండి, మరల లెక్కకు పూనుకొనెను.